సంత రోజు మాత్ర

క్యాన్సర్ మందు అంటే పట్నం పెద్దాసుపత్రిలో నర్సమ్మ చేతుల మీదుగా సెలైన్ గొట్టంలోంచి ఎక్కేదని మా ఇళ్లలో అందరం అనుకునేవాళ్లం. అదే మందు చిన్న చిన్న మాత్రలై మా కోయ గూడేనికి వస్తుందని, కన్నతల్లే పొయ్యి పక్కన కూర్చుని తన చేత్తో బిడ్డకు వేయాలని, అదీ దాదాపు రెండేళ్లు వేయాలని మాకు తెలియదు. 2022 వానాకాలంలో మా అన్న కూతురికి రక్త క్యాన్సర్ అని తేలింది. అప్పటికి పాపకు ఏడేళ్లు. మేము ఆలుమగలం ఇద్దరం ఆశ్రమ పాఠశాలల్లో టీచర్లం. ఆ ఇంటికి దగ్గరగా ఉండి ఆ రెండేళ్లలో మేము మా వదినకు నేర్పింది, ఆమె దగ్గర నేర్చుకున్నది మన టీచర్లకు, చదువుకుంటున్న మన పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాం.

పాపకు వచ్చిన జబ్బును డాక్టర్లు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అంటారు. పొట్టిగా ఎ.ఎల్.ఎల్. పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. ఎముకల లోపలి మూలుగులో పుట్టే తెల్ల రక్తకణాలు ముదరకుండానే విపరీతంగా పెరిగి, మంచి రక్తానికి చోటు లేకుండా చేస్తాయి. మొదటి నెలలన్నీ హైదరాబాదులోనే గడిచాయి. ఖర్చు ఆరోగ్యశ్రీలో వెళ్లింది. పాప జుట్టు రాలింది, మళ్లీ మొలిచింది. 2023 మొదట్లో డాక్టర్లు "ఇక ఇంటికి వెళ్లండి, మెయింటెనెన్స్ ఇంట్లోనే" అన్నారు. మెర్కాప్టోప్యూరిన్ అనే మాత్ర రోజూ వేయాలి. మెథోట్రెక్సేట్ అనే మాత్రలు వారానికి ఒక్కరోజే వేయాలి. మధ్యమధ్యలో రక్తపరీక్షలకు, వెన్నులో ఇంజక్షన్లకు పట్నం రావాలి.

ఇంటికి పంపే రోజున కౌంటరు దగ్గర ఒక కాగితం ఇచ్చి పది నిమిషాలు చెప్పారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. చెప్పింది తెలుగులో. మా వదినకు కోయ భాష ఇంటి మాట. తెలుగు ఆమెకు సంతలో బేరమాడేంత వచ్చు. "అర్థమైందా అమ్మా?" అని అడిగితే ఆమె తలూపింది. వెనక వరసలో ఇంకా ముప్పై మంది నిలబడి ఉన్నారు. ఆ తలూపుడు మన టీచర్లకు కొత్త కాదు. ఒకటో తరగతిలో తెలుగు రాని కోయ పిల్లను "అర్థమైందా?" అంటే ఇలాగే తలూపుతుంది. కాదంటే ఏమంటారోనన్న బెరుకు అందులో ఉంటుంది.

ఇంటికొచ్చాక వదిన నిద్రపోవడం మానేసింది. రాత్రి రెండు మూడు సార్లు లేచి మాత్రలు లెక్కపెట్టేది. గంటకోసారి పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. మిరపకాయలు ఏరడానికి పోయే కూలి మానేసింది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. మా అమ్మేమో "రోజూ విషం పెడుతున్నారు పిల్లకు" అని ఏడ్చేది. మా అన్న ఇంకో మాట అనేవాడు: "పిల్ల బాగానే ఉంది, ఒళ్లు చేసింది, ఇంకా ఈ మందులెందుకు?" ఒకే ఇంట్లో మూడు రకాల భయాలు. ఊళ్లోవాళ్లు వచ్చి "భయపడకమ్మా, ధైర్యంగా ఉండు" అని చెప్పి పోయేవాళ్లు. ఆ మాట విన్న ప్రతిసారీ వదిన మొహం ఇంకా చిన్నబోయేది. భయపడొద్దని చెప్పేవాళ్లే గాని, ఏ రోజు ఏం జరిగితే ఏం చేయాలో చెప్పేవాళ్లు లేరు.

మేము టీచర్ ట్రైనింగ్‌లో చదువుకున్న బోధనా సూత్రాలు మీ అందరికీ గుర్తుండే ఉంటాయి. తెలిసిన దాని నుంచి తెలియని దానికి, సులభం నుంచి కఠినానికి, మూర్తం నుంచి అమూర్తానికి. పరీక్ష కోసం బట్టీపట్టిన ఆ మూడు మాటలే అప్పుడు అక్కరకొచ్చాయి. ఒక ఆదివారం కూర్చుని వదిన కోసం పాఠ్య పథకం రాసుకున్నాం. పాపను చూసే డాక్టరుగారికి ఫోన్ చేసి, కాగితంలో ఉన్న ప్రతి మాటకూ అర్థం అడిగి రాసుకున్నాం. ఆయన ఓపికగా చెప్పారు. మేము మందుల పాఠం చెప్పడానికి డాక్టర్లం కాదు. డాక్టరు చెప్పిన పాఠాన్ని వదిన భాషలోకి తేవడం వరకే మా పని.

పాఠం చెప్పే ముందు ఆమెనే అడిగాం. "వదినా, దేనికి భయం? పెద్దదైనా చిన్నదైనా చెప్పు" అన్నాం, కోయలోనే. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మూడు చెప్పింది. నా చేతితో తప్పు మాత్ర వేస్తే? ఈ మందే నా బిడ్డను తింటే? అర్ధరాత్రి జ్వరం వస్తే ఇక్కడ నర్సమ్మ లేదు కదా? ఈ మూడు ప్రశ్నలే మా సిలబస్ అయింది. క్యాన్సర్ గురించి ప్రపంచంలో ఉన్నదంతా ఒకేసారి చెప్పి ఉంటే ఆమె భయం పెరిగేదే. రోజుకొక ప్రశ్న తీసుకున్నాం, అదీ పదిహేను నిమిషాలకు మించకుండా.

మొదట మందు గురించి. వదినకు పోడు చేను తెలుసు, కలుపు తెలుసు. పెద్ద కలుపంతా తీసి చేను శుభ్రంగా కనిపించాక కూడా నేలలో కలుపు విత్తనాలు ఉంటాయి. వాన పడితే మళ్లీ మొలుస్తాయి. పట్నంలో ఎనిమిది నెలలు చేసింది పెద్ద కలుపు తీత. ఇప్పుడు రోజూ వేసే మాత్ర మొలిచే మొలకను మొలిచినట్టే గిల్లడానికి. చేను శుభ్రంగా ఉంది కదా అని మధ్యలో వదిలేస్తే కలుపు మళ్లీ కమ్ముకుంటుంది. ఈ పాఠం వినే సమయానికి మా అన్న కూడా గడప మీద కూర్చుని ఉన్నాడు. "ఒళ్లు చేసింది కదా" అన్న మాట ఆ తర్వాత మళ్లీ అనలేదు. బిడ్డ బాగున్నట్టు కనిపించే రోజుల్లోనే చాలా ఇళ్లలో మందు ఆగిపోతుంది. అందుకే ఈ పాఠం మొదట పెట్టుకున్నాం.

మందు బిడ్డను తింటుందా అన్న ప్రశ్నకు అబద్ధం చెప్పలేదు. కలుపు తీసేటప్పుడు కొన్ని మంచి మొక్కలు కూడా చేతికి వస్తాయి. ఈ మందు రక్తంలో కావలి కాసే తెల్లకణాలను కూడా తగ్గిస్తుంది. మంచె మీద కావలివాడు లేకపోతే చేలో అడవిపందులు పడినట్టు, కావలి కణాలు తగ్గితే చిన్న సూక్ష్మజీవి కూడా పెద్ద జబ్బు తెస్తుంది. రక్తపరీక్ష చేసేది మంచె మీద ఎంతమంది ఉన్నారో లెక్క చూడడానికే. లెక్క బాగా పడిపోతే డాక్టర్లే మాత్రలు తగ్గిస్తారు, కొన్నాళ్లు ఆపుతారు. లెక్క కోలుకోగానే మళ్లీ మొదలుపెడతారు. "అయితే సూది పొడిచేది మందు ఎక్కువైందో తక్కువైందో చూడటానికా?" అని వదిన అడిగింది. పాఠం ఆమెకు ఎక్కిందని ఆ ప్రశ్నతో మాకు తెలిసింది. అంతకుముందు ప్రతి రక్తపరీక్షా జబ్బు తిరిగొచ్చిందేమో చూడటానికేనని ఆమె అనుకుని వణికేది.

రెండో పాఠం మాత్రల గురించి. ఇందులో ప్రాణాపాయం ఉంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేయాలి. దాన్ని రోజూ వేసేసి ప్రాణాలు పోయిన సంఘటనలు చదువుకున్న దేశాల్లోనూ ఎన్నో నమోదయ్యాయి. మా పాపకు ఆ రోజున ఆరు చిన్న మాత్రలు ఒకేసారి వేయమన్నారు. ఆ లెక్క పాప ఎత్తు, బరువును బట్టి వేసింది. ఇంకో బిడ్డకు ఇంకో లెక్క ఉంటుంది. ఏ రోజు వేయాలో వదినకు ఎలా గుర్తుండాలి? మేము క్యాలెండరు చూపించి గురువారం గడుల మీద గీతలు గీస్తుంటే ఆమె నవ్వింది. "గురువారం సంత కదా, సంత నాడు ఆరు" అంది. అంతే. గూడెంలో ఏ రోజు మరిచిపోయినా సంత రోజును ఎవరూ మరిచిపోరు. పాప ఆ గడుల్లో సంత గంప బొమ్మ వేసింది. మిగతా గడుల్లో చందమామ వేసింది, రాత్రి మాత్ర అని. మాత్ర వేసిన వెంటనే ఆ బొమ్మ మీద వదిన బొగ్గుతో అడ్డగీత కొట్టేది. మాత్రలు లెక్కపెట్టడానికి రాత్రి లేవాల్సిన పని తప్పింది. గీత ఉంటే వేసినట్టు, లేకపోతే వేయనట్టు. ఎన్నికలకో పండక్కో సంత ఆగిన వారం కూడా గంప బొమ్మ గోడ మీద ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాలేదు.

మాత్రలు రెండు వేరు వేరు డబ్బాల్లో పెట్టాం. వారం మాత్రల డబ్బా మీద గంప, రోజు మాత్రల డబ్బా మీద చందమామ. కొత్త అట్ట తెచ్చినప్పుడల్లా దాని మీది మిల్లీగ్రాముల అంకె పాత అట్టతో సరిపోయిందో లేదో మేము గాని, ఇంటర్ చదివే మా పెద్దబ్బాయి గాని చూసేవాళ్లం. ఒకే మందు వేరు వేరు బలాల్లో దొరుకుతుంది. వాంతి అయితే ఇంకో మాత్ర వేయకుండా ముందు ఫోన్ చేయాలి. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వేయకూడదు. మాత్ర నూరకూడదు. మాత్ర ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంట్లో చిన్నకోడలు అప్పుడు గర్భిణి. ఆమె మాత్రలు ముట్టుకోకూడదు. పాప వాంతి, మలమూత్రాలు తగిలిన బట్టలు కూడా ఆమె ఉతక్కూడదు. ఉతికేవాళ్లు చేతులకు తొడుగు వేసుకుని విడిగా ఉతకాలి. ఇవన్నీ ఒక్కొక్కటే కారణంతో సహా చెప్పాం. వానాకాలం వాగు పొంగితే రెండేసి రోజులు దారి ఉండదు కాబట్టి, ఎప్పుడూ రెండు వారాల మాత్రలు ముందుగా ఇంట్లో ఉండేలా చూసుకున్నాం.

మూడో పాఠం జ్వరానికి, మిగతా ఇబ్బందులకు. పుస్తకాల్లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని ట్రాఫిక్ లైటు బొమ్మ వేస్తారు. మా గూడెంలో ట్రాఫిక్ లైటు ఎక్కడిది? వదిన ఏళ్ల తరబడి కూలికి పోయింది మిరపతోటకు. అందుకని గోడకు మూడు మిరపకాయలు గీశాం. పచ్చికాయ కింద: కాస్త నీరసం, అన్నం సయించకపోవడం. వీటికి ఖంగారు వద్దు, తర్వాతసారి పట్నం పోయినప్పుడు చెప్పాలి. దోరకాయ కింద: నోట్లో పుండ్లు, వాంతులు, విరేచనాలు, మాత్ర తప్పిపోవడం. ఆ రోజే ఫోన్ చేయాలి. పండుకాయ కింద: జ్వరం, ముక్కులోంచి గాని చిగుళ్లలోంచి గాని రక్తం కారడం, ఒంటి మీద కమిలిన మచ్చలు, ఆయాసం, కళ్లు పచ్చబడటం, మత్తుగా పడి ఉండటం, మాత్రలు ఎక్కువ పడటం. అప్పుడు ఏ వేళైనా ఆగకుండా బయలుదేరాలి.

జ్వరం అంటే ఎంత? డాక్టరుగారు చెప్పిన గీత 100.4 డిగ్రీలు. వదినకు అక్షరాలు రావు గాని నోట్ల మీద అంకెలు వచ్చు. థర్మామీటరులో వందనోటు అంకె కనిపిస్తే చుక్క పక్కన చూడు, నాలుగు గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే పండుకాయ. నూటొకటి, నూటరెండు అయితే చుక్క చూడనే అక్కర్లేదు. ముందు కొలవకుండా జ్వరం బిళ్ల వేయకూడదు, వేస్తే జ్వరం కనపడకుండా దాక్కుంటుంది. ఇవన్నీ చెప్పాక మేము "అర్థమైందా" అని అడగలేదు. "వదినా, మా అమ్మకు నువ్వు చెప్పు" అన్నాం. ఆమె అత్తకు చెప్పింది. చెప్పేటప్పుడు ఎక్కడ తడబడిందో మాకు తెలిసింది, ఆ ముక్క మళ్లీ చెప్పాం. వారం తర్వాత ఇంకోసారి చెప్పించాం. తరగతిలో రోజూ చేసే మూల్యాంకనమే ఇది. పెద్దవాళ్లకు పరీక్ష పెడుతున్నట్టు అనిపించకుండా చేశాం, అంతే తేడా.

ఆ ఏడు ఆగస్టులో పరీక్ష నిజంగానే వచ్చింది. రాత్రి పదకొండుకు పాప ఒళ్లు కాలింది. వదిన కొలిచింది, 101.6. మన ఏజెన్సీలో జ్వరమంటే మొదట మలేరియానే గుర్తుకొస్తుంది. ఆశా కార్యకర్త వచ్చి రక్తం చుక్క తీసి కిట్టుతో చూసింది, మలేరియా లేదని వచ్చింది. "పొద్దున చూద్దాం" అని కొందరన్నారు. గూడెంలో సూదులు వేసే ఆయన తొడకు ఇంజక్షన్ వేస్తానన్నాడు. వదిన గోడ మీది పండుమిరపకాయను చూపించి, సూది వద్దని, 108 పిలవమని చెప్పింది. మేము ఆ రాత్రి పక్క మండలంలో ఉన్నాం. మాకు ఫోన్ వచ్చేటప్పటికే బండి బయలుదేరింది. మలేరియా ఉన్నా లేకున్నా ఈ బిడ్డకు జ్వరం వస్తే ఆసుపత్రే అన్న సంగతి ఆమెకు అప్పటికే కంఠతా వచ్చు. ఏరియా ఆసుపత్రిలో డాక్టరు చేతికి మందుల కాగితం, రక్తపరీక్ష రిపోర్టులున్న సంచీ ఇచ్చి "క్యాన్సర్ మాత్రలు వేసుకునే పిల్ల, కావలి కణాలు తక్కువ" అని తనకొచ్చిన తెలుగులో చెప్పింది. డాక్టరు హైదరాబాదుకు ఫోన్ చేసి వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించారు. ఆరో రోజున ఇంటికొచ్చారు. తెల్లకణాలు అడుగంటి ఉన్నాయని రిపోర్టులో వచ్చింది. తెల్లవారేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడం మాకిష్టం లేదు. "భయమేసిందా వదినా?" అంటే, "వేసింది. కాని చేతులు ఆగలేదు" అంది.

ఇక బడి సంగతి. టీచర్లు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. బడిలో మనమే ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు పంచుతాం. చిన్నపిల్లలకు గులాబీ రంగువి, పదేళ్లు దాటిన వాళ్లకు నీలం రంగువి. మెథోట్రెక్సేట్ పనిచేసేదే ఫోలిక్ యాసిడ్ దారికి అడ్డుపడి. కాబట్టి ఈ మందు వాడే బిడ్డకు డాక్టరును అడగకుండా ఆ మాత్ర వేయకూడదు. పాప బడికి తిరిగొచ్చిన మొదటి వారంలోనే ఈ సంగతి ఒక కాగితం మీద రాయించి, హెడ్మాస్టరు సంతకంతో రిజిస్టరులో అంటించాం. నులిపురుగుల మాత్రలు, టీకాలు కూడా అంతే. కొన్ని టీకాలలో బతికున్న క్రిములుంటాయి, అవి ఈ పిల్లలకు పడవు. హాస్టల్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే గాని తట్టు లేస్తే గాని ఆ కబురు అదే రోజు పాప ఇంటికి చేరాలి. వీళ్లకు ఆటలమ్మ కూడా ప్రమాదమే. తగిలిందని తెలిసిన వెంటనే ఆసుపత్రికి చెబితే ముందుజాగ్రత్త మందు ఇవ్వగలరు.

తోటి పిల్లలకూ ఒక పాఠం అవసరమైంది. వాళ్ల ఇళ్లలో "దాని పక్కన కూర్చోకు, అంటుకుంటది" అన్నారు. మేము పాప అనుమతి అడిగి, ఆమె తరగతిలోనే చెప్పాం. ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. మన జలుబే ఆమెకు అంటుకోవచ్చు, కాబట్టి జలుబు చేసినవాళ్లు రెండు రోజులు దూరంగా కూర్చుందాం, అన్నం ముందు అందరం చేతులు కడుక్కుందాం అన్నాం. పాప చందమామ క్యాలెండరు తెచ్చి చూపించింది. ఆ తర్వాత "ఇవాళ గంప రోజా, చందమామ రోజా" అని పిల్లలే అడిగేవాళ్లు.

మన ఆచారాల గురించి కూడా చెప్పాలి. పాపకు జబ్బు తెలిసినప్పుడే మా అమ్మ సమ్మక్క సారలమ్మలకు పాప ఎత్తు బెల్లం మొక్కింది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర వచ్చింది. వెళ్లకపోతే మొక్కు తప్పుతుందని అమ్మ భయం. వెళితే అంత జనంలో ఏం తగులుకుంటుందోనని వదిన భయం. డాక్టరుగారు ఆ ఏడు జనంలోకి వద్దన్నారు. మేము అమ్మతో కూర్చుని మాట్లాడాం. మొక్కు పోదు, తల్లులు అక్కడే ఉంటారు, బిడ్డ గట్టిపడ్డాక తీరుద్దాం అంటే ఒప్పుకుంది. గూడెంలో ఆకుమందులిచ్చే పెద్దాయన దగ్గరికీ మేమే వెళ్లాం. ఈ మాత్రలు కాలేయం మీద భారం పెడతాయని, పసరు కూడా కలిస్తే ఏది దేని వల్లో డాక్టరుకు తెలియదని చెప్పాం. ఆయన కోపగించుకోలేదు. "మందులు పూర్తయ్యేదాకా పసరు వద్దు, చెయ్యి మాత్రం పెడతా" అని పాప తల మీద చెయ్యి పెట్టాడు. పట్నం కాగితాన్ని ఎంత గౌరవంగా చదివామో ఈ పెద్దల మాటనూ అంత గౌరవంగా విన్నాం కాబట్టే వాళ్లూ మా మాట విన్నారు.

పాఠాలతో భయమంతా పోయిందని మేము చెప్పం. పట్నం ప్రయాణానికి ముందు రోజు వదినకు అన్నం సయించేది కాదు, చివరిదాకా అంతే. రిపోర్టు చేతికొచ్చేవరకు ఎవరం మాట్లాడుకునేవాళ్లం కాదు. కొన్ని భయాలకు సమాచారం సరిపోదు. పక్కన మనిషి ఉండాలి. పట్నం పోయే ముందు రాత్రి మా ఇద్దరిలో ఒకరం ఆ ఇంట్లోనే పడుకునేవాళ్లం. డాక్టరును అడగాల్సిన మూడు ప్రశ్నలు కాగితం మీద రాసి సంచీలో పెట్టేవాళ్లం. మరీ నిద్రపట్టని రోజుల్లో టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చని కూడా ఆమెకు చెప్పి ఉంచాం. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు అది.

ఒకరోజు పాపే అడిగింది, "అత్తా, నేను చచ్చిపోతానా?" అని. పెద్దవాళ్లం ఏమీ చెప్పకపోతే పిల్లలకు ఏమీ తెలియదనుకుంటాం. గోడ మీది బొమ్మలన్నీ గీసిన పిల్లకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఒకప్పుడు బతికేవాళ్లు కాదని, ఇప్పుడు మందులున్నాయని, చాలామంది బతికి పెద్దవాళ్లవుతున్నారని, నువ్వూ అలా పెద్దదానివి కావాలనే ఈ గంపలూ చందమామలూ అని చెప్పాం. ఏమైనా నీకు దాచమని కూడా చెప్పాం. కాసేపు ఆలోచించి "మందు ఎవరు కనిపెట్టారు?" అంది. అది చెప్పడం మాకు సులువే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్లి లెడర్లె ప్రయోగశాలలో పనిచేశారు. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను పోలి దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ తయారుచేసింది. దాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకు వాడితే జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సంత రోజు వేసే మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. తెలుగు నేల మీద పుట్టిన మనిషి ఆలోచన అమెరికా తిరిగి మా గూడెం గోడ మీదికి గంప బొమ్మగా వచ్చిందని పాప బడిలో అందరికీ చెప్పుకుంది.

2025 మొదట్లో మాత్రలు పూర్తయ్యాయి. పాప ఇప్పుడు పరీక్షలకు మాత్రం పట్నం వెళ్లి వస్తోంది. ఆ వేసవిలో, జాతర జనం లేని రోజు చూసి, మేడారంలో బెల్లం తూచి మొక్కు తీర్చాం.

ఇక మీకు మా మాట. రెండు దశాబ్దాల కిందట ఉమ్మడి రాష్ట్రంలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు వచ్చాయి. పిల్ల మొదటి పాఠం ఇంటి భాషలో వినాలని మనం పోరాడాం. జబ్బుపడ్డ మనిషి కూడా తన ఒంట్లోకి పోయే మందు గురించి ఇంటి భాషలో వినాలి. కాగితం ఇచ్చి పంపే రోజున మన వాళ్ల పక్కన చదువుకున్న మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి మీరు కావచ్చు. నర్సింగ్, ఫార్మసీ చదివే మన ఆడపిల్లలు, మగపిల్లలు ఇప్పుడు ప్రతి మండలంలో ఉన్నారు. టీచర్లం ప్రతి గూడెంలో ఉన్నాం. టి.బి. మాత్రలకైనా, షుగరు ఇన్సులిన్‌కైనా, సికిల్ సెల్ జబ్బుకైనా ఈ పద్ధతి పనికొస్తుంది. ముందు ఆమె భయమేమిటో అడగండి. డాక్టరు దగ్గర సరైన మాట తెలుసుకోండి. ఆమెకు తెలిసిన చేను, సంత, మిరపకాయలతో చెప్పండి. కొంచెం కొంచెంగా చెప్పండి. ఆమె చేత తిరిగి చెప్పించండి. ఫోన్ నంబరు గోడ మీద పెద్దగా రాయండి.

మా వదిన ఇప్పుడు మళ్లీ మిరపతోటకు పోతోంది. పక్క గూడెంలో ఒక అబ్బాయికి ఇదే జబ్బు వచ్చిందని తెలిసి, పోయిన నెల ఆమే బయలుదేరింది. మేమూ వస్తామంటే వద్దంది. ఆ ఇంట్లోవాళ్లు ఏ సంతకు పోతారో కనుక్కుని, ఆ రోజు గడుల్లో గంప బొమ్మ వేయడానికి పాపను వెంట తీసుకుపోయింది.